నవ్వని వారికి కాపలా

డాక్టర్ సుభాషిణి ముఖం పుట్టుకతోనే గంభీరమైనది. అందులో ఆవిడ తప్పేమీ లేదు. పెళ్ళి రోజున ఫొటోగ్రాఫరు "కాస్త నవ్వండమ్మా" అని బతిమాలి బతిమాలి, చివరికి పెళ్ళికొడుకును ఒక్కణ్ణే నవ్వించి ఆల్బం ముగించాడు. ఆనందం వచ్చినా, ఆకలి వేసినా, ట్రాన్స్‌ఫర్ ఆగిపోయిందని కబురొచ్చినా ఆవిడ ముఖం ఒక్కలాగే ఉంటుంది. ఆ ప్రభుత్వ మానసిక వైద్యశాలలో ఎన్నో ఏళ్ళుగా పనిచేస్తున్నా దాని గురించి ఎవరూ ఫిర్యాదు చేయలేదు. పైగా రోగులకు ఆ ముఖమే నచ్చింది. తాము ఏడుస్తుంటే జాలిగా నవ్వుతూ వీపు తట్టేవాళ్ళ కంటే, కదలకుండా కూర్చుని వినే మనిషి నయమనిపించేది వాళ్ళకు.

అలాంటి ముఖం మీద ప్రభుత్వం దృష్టి పడటానికి కారణం ఒక వీడియో సమావేశం.

రాజధాని నుంచి అదనపు సంచాలకులు కోదండపాణిగారు తెర మీదికి వచ్చి, గొంతు సవరించుకుని, "ప్రాణం మీద విరక్తి కలిగి ప్రమాదంలో ఉన్న రోగులను తమ ఆసుపత్రిలో ఏ విధానం ద్వారా గుర్తిస్తున్నారో సభకు తెలియజేయవలసింది" అన్నారు.

సూపరింటెండెంట్ డాక్టర్ నృసింహమూర్తి ఇలాంటి ప్రశ్నలొచ్చినప్పుడు పక్కకు చూస్తారు. పక్కన సుభాషిణి ఉంది.

"అడుగుతామండి" అంది సుభాషిణి.

"అడుగుతామంటే?"

"పక్కన కూర్చుని, 'నీకు చచ్చిపోవాలనిపిస్తోందా' అని అడుగుతామండి. చాలామంది చెప్తారు. చెప్పనివాళ్ళ దగ్గర ఇంకాసేపు కూర్చుంటాం. మర్నాడు మళ్ళీ అడుగుతాం."

కోదండపాణిగారు కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకున్నారు. "డాక్టరు గారూ, ఏ కాలంలో ఉన్నామండీ మనం? కూర్చోవడమేమిటి, అడగడమేమిటి? రేపు ఏదైనా విచారణ పడితే, మేము అడిగామని చూపించడానికి మీ దగ్గర ఏముంటుంది?"

"మనిషి ఉంటాడండి."

"మనిషి రికార్డు కిందికి రాడు" అన్నారు కోదండపాణిగారు, ఎంతో ఓపికగా.

నెల తిరక్కుండా ప్రాజెక్టు మందహాసం మంజూరైంది. ఉద్యోగుల ముఖం చూసి హాజరు వేసే యంత్రాలు అన్ని ఆఫీసుల్లోనూ ఉన్నవే. వాటిని అమ్మిన కంపెనీ మనిషి ఎవరో, ఆ యంత్రం ముఖాన్ని గుర్తుపట్టడమే కాదు, నవ్వును కూడా కొలుస్తుందని చెప్పాడట. నవ్వేవాడికి చావాలని ఎందుకుంటుంది, చావాలనున్నవాడు ఎందుకు నవ్వుతాడు అని రాజధానిలో పెద్దలు కూర్చుని ఆలోచించారు. ఈ తర్కంలో వాళ్ళకు ఎక్కడా లోపం కనబడలేదు. ఎదురుగా ఒక్క రోగి కూడా లేకుండా ఆలోచిస్తే ఎవరికైనా కనబడదు.

ఉత్తర్వు వచ్చింది. "ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, ఆసుపత్రి ఆవరణలో అడుగిడు ప్రతి వ్యక్తియు ప్రతి ఉదయము యంత్రము ఎదుట నిలువవలెను. నవ్వినవారికి పచ్చదీపమును, నవ్వనివారికి ఎర్రదీపమును వెలుగును. ఎర్రదీపము పొందినవారిని క్షణమైనను ఒంటరిగా విడువరాదు. పచ్చదీపము పొందిన ఏ వ్యక్తియైనను చేతికందునంత దూరమున కాపలా ఉండవలెను. ఎర్రవారు పచ్చవారగు పర్యంతము వారు గాని, వారి కాపలాదారు గాని గేటు దాటరాదు." వరసగా వారం రోజులు పచ్చదీపం వెలిగిన రోగిని, కాపలా బాధ్యత ఏదీ లేకపోతే, ఇంటికి పంపెయ్యాలి. అటువంటివాళ్ళతో మాట్లాడవలసిన అవసరం లేదని కూడా ప్రత్యేకంగా రాశారు.

మధ్యలో ఒక పసుపు దీపం ఉండవలసింది. సందిగ్ధతకు తావివ్వరాదని పైనుంచి ఎవరో దాన్ని తీయించారు.

*

యంత్రాన్ని గేటు దగ్గర వరండాలో పెట్టారు. పసుపు రాసి, బొట్టు పెట్టి, నిమ్మకాయ కట్టారు. కోదండపాణిగారే స్వయంగా వచ్చి కొబ్బరికాయ కొట్టి, యంత్రం ముందు నిలబడగానే పచ్చదీపం వెలిగింది. పాతికేళ్ళుగా రిబ్బన్లు కత్తిరిస్తూ, శాలువాలు కప్పించుకుంటూ కెమెరాల వంక నవ్విన ముఖం అది. తర్వాత నృసింహమూర్తిగారు నిలబడ్డారు. యంత్రం కుయ్యోమని అరిచి ఎర్రదీపం చూపించింది. "సాంకేతిక లోపం" అని గొణిగి, ఆయన కళ్ళు మూసుకుని రిటైర్మెంట్ రోజును తలచుకున్నారు. పచ్చదీపం వెలిగింది. అందరూ చప్పట్లు కొట్టారు.

అప్పటివరకు సాయంత్రాలు వార్డు వరండాలో డాక్టర్లూ రోగులూ టీ తాగుతూ మాట్లాడుకునేవారు. ఆ వేళకు ఇప్పుడు మందహాస సాధన పెట్టారు. హెడ్‌నర్సు ఎస్తేరు రాణి అందరినీ వరసలో నిలబెట్టి చేతిలో స్కేలుతో అటూ ఇటూ తిరిగేది.

"పళ్ళు కనబడాలి! పెదాలు సాగదీస్తే చాలదు. పళ్ళు లేనివాళ్ళు చిగుళ్ళు చూపించండి. ఏం బాబూ, ఏడుస్తున్నావా? ఏడిస్తే ఏడువు గానీ నోరు మాత్రం నవ్వుతున్నట్టు పెట్టు నాయనా, నీకు పుణ్యముంటుంది."

ఆమె చెడ్డ మనిషి కాదు. రాత్రింబవళ్ళు ఎర్రవాళ్ళ పక్కన కాపలా కూర్చునేందుకు మనుషులు చాలక ఆమె తల ప్రాణం తోకకొస్తోంది. రోగులు కూడా త్వరగానే కిటుకు పట్టారు. నోరు తెరిచి మనసులో మాట చెప్పినవాడికి ఎర్రదీపం, నోరు సాగదీసి ఊరుకున్నవాడికి ఇల్లు. మంచాలు ఖాళీ అయ్యాయి. అభినందన లేఖ వచ్చింది. దానికి ఫ్రేము కట్టించి, సూపరింటెండెంటుగారు తన కుర్చీ వెనక గోడకు తగిలించుకున్నారు.

సుభాషిణికి మాత్రం ఒక మనిషి గురించి నిద్ర పట్టడం లేదు. ఆ మనిషి పేరు గౌరునాయుడు.

గౌరునాయుడు ఊళ్ళో పెద్ద బట్టల దుకాణంలో చీరల విభాగం సేల్స్‌మన్. తెల్లటి పరుపు మీద మోకాళ్ళ మీద కూర్చుని, ఆడవాళ్ళ ముందు చీర మీద చీర విప్పి పరిచే పని. మొత్తం దుకాణమంతా విప్పించి, "అబ్బే, రంగు నచ్చలేదు" అని లేచిపోయినవాళ్ళను కూడా నవ్వుతూ సాగనంపాలి. పెళ్ళి బట్టలకు మొదట ఆ నవ్వు చూసే జనం వచ్చేవారట. ఏడాది కిందట అతని భార్య జ్వరంతో పోయింది. మొన్నీమధ్య ఒకరోజు గౌరునాయుడు తన సైకిలు వాచ్‌మన్‌కు ఇచ్చేసి, చేతి గడియారం కుర్ర గుమాస్తాకు ఇచ్చేసి, యజమాని కాళ్ళకు దండం పెట్టి, "వస్తానండి" అన్నాడు. యజమాని వయసు మళ్ళినవాడు, లోకం చూసినవాడు. ఆ "వస్తానండి" ఎందుకో ఆయనకు నచ్చలేదు. చెయ్యి పట్టుకుని తిన్నగా ఆసుపత్రికి తీసుకొచ్చి అప్పగించాడు.

వచ్చిన రోజునే సుభాషిణి అతని పక్కన కూర్చుని అడగవలసిన మాట అడిగింది.

గౌరునాయుడు చేతులు జోడించి ముచ్చటగా నవ్వాడు. "అబ్బెబ్బే, అలాటిదేటీ నేదు మేడమ్. నాకేటీ బాద నేదు. ఇంకేటి సూపించమంటారు?"

ఆ చివరి మాటతోనే, అతను తనకు జవాబు చెప్పలేదని, గిరాకీని సాగనంపుతున్నాడని ఆవిడకు అర్థమైంది. అప్పటినుంచి చూస్తూనే ఉంది. పొద్దున్నే లేచి వార్డులో దుప్పట్లన్నీ చీరలు మడతపెట్టినంత నున్నగా మడతపెట్టేస్తాడు. తన దువ్వెన ఒకడికిచ్చాడు. సబ్బుపెట్టె ఇంకొకడికిచ్చాడు. భార్య కొనిపెట్టిన మెరూన్ రంగు ఉన్ని శాలువాను, చలికాలం నెత్తిమీదికొచ్చాక, పక్క మంచం చక్రధరరావుకు కప్పేసి వచ్చాడు. ప్రతి ఉదయం యంత్రం ముందు మాత్రం పచ్చదీపం వెలుగుతూనే ఉంది.

ఆవిడ సూపరింటెండెంటుగారి గదికి వెళ్ళింది.

"సార్, గౌరునాయుణ్ణి పంపొద్దు. ఉన్నవాళ్ళందరిలోకీ అతనే ప్రమాదంలో ఉన్నాడు."

"పచ్చ కదమ్మా అతను? వారంలో ఒక్కరోజు కూడా తప్పలేదు. మన ఆసుపత్రికే ఆదర్శ రోగి. అతని ఫొటో కరపత్రంలో వేద్దామని కూడా అనుకుంటున్నాం."

"సార్, ఆ నవ్వు అతని ఉద్యోగం. అందులో అతను లేడు."

నృసింహమూర్తిగారు మంచి డాక్టరు. ఒకప్పుడు. ఆ మాటకు ఆయన కాసేపు కిటికీలోంచి బయటికి చూశారు. తర్వాత వెనకనున్న అభినందన లేఖ గుర్తొచ్చినట్టుంది. "పచ్చదీపం వచ్చినవాణ్ణి మంచం మీద ఉంచితే అక్రమ ఆక్రమణ కిందికి వస్తుంది. ఆడిట్ అభ్యంతరం పడుతుంది. సోమవారం పంపేద్దాం" అన్నారు.

*

ఆ సోమవారమే ప్రాజెక్టు మందహాసం రెండో దశ మొదలైంది. ఉద్యోగుల హాజరు కూడా అదే యంత్రంలో పడాలని కొత్త ఉత్తర్వు. ఒకే ముఖాన్ని రెండు యంత్రాలకు చూపించడం ప్రజాధనం దుర్వినియోగమని అందులో వాపోయారు. ప్రతి వ్యక్తియు అని ముందే రాసుకున్న సంగతి ఎవరికీ గుర్తులేదు.

పొద్దున్న డ్యూటీకి వచ్చే ప్రభుత్వ ఉద్యోగి ముఖం ఎలా ఉంటుందో అందరికీ తెలుసు, ఉత్తర్వు రాసినవాళ్ళకు తప్ప. ఎస్తేరు రాణి బస్సులో కండక్టరుతో పోట్లాడి వచ్చింది. ఎర్ర. ఫార్మసిస్టుకు పన్నునొప్పి. ఎర్ర. ఆఫీసు గుమాస్తా ఆ ముఖంతోనే సర్వీసంతా గడిపాడు. ఎర్ర. యంత్రం కుయ్యో కుయ్యోమంటుంటే చివరగా నృసింహమూర్తిగారు వచ్చి కళ్ళు మూసుకుని రిటైర్మెంట్ రోజును తలచుకున్నారు. దానివెంటే పెన్షను కాగితాల కోసం తిరగవలసిన ఆఫీసులు కూడా గుర్తొచ్చాయి. ఎర్రదీపం వెలిగింది.

సుభాషిణి గురించి చెప్పనే అక్కర్లేదు. ఆవిడను చూసి యంత్రం రెండుసార్లు అరిచింది.

ఇక కాపలా ఎవరు కాయాలి? ఉత్తర్వు తీసి చూశారు. పచ్చదీపం పొందిన ఏ వ్యక్తియైనను అని ఉంది. ఆవరణలో పచ్చవాళ్ళంటే రోగులే. వాళ్ళందరికీ సాధన చేయించింది తామే. అలా ఆ రోజు తొమ్మిదింటికల్లా ఆసుపత్రిలో ప్రతి ఉద్యోగి పక్కనా చేతికందే దూరంలో ఒక రోగి కూర్చున్నాడు.

చక్రధరరావు ఒకప్పుడు జీవిత బీమా ఏజెంటు. ఉత్సాహం హద్దు దాటినప్పుడు ఇంట్లో సామానంతా వీధివాళ్ళకు పంచిపెట్టేవాడు. అప్పుడు ఇక్కడికి తీసుకొస్తారు. ఇప్పుడు మందులకు చాలావరకు కుదుటపడ్డాడు గానీ, నవ్వు మాత్రం ఇంకా మిగిలింది. సూపరింటెండెంటుగారికి కాపలా అతనికి పడింది. గౌరునాయుడి శాలువా కప్పుకుని ఎదురు కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

"సార్, నాకు మందులు మీరిస్తారు. మీకు కాపలా నేను కాస్తాను. బాగానే ఉంది కదూ? బాత్‌రూముకు వెళ్ళేటప్పుడు మాత్రం లోపల్నుంచి పాట పాడుతూ ఉండండి, నాకు ధైర్యంగా ఉంటుంది. ఏ పాటైనా ఫరవాలేదు."

సూపరింటెండెంటుగారు పాడారు. గొంతు బాగుందని చక్రధరరావు బయటి నుంచి మెచ్చుకున్నాడు.

సుభాషిణి ఆ కలకలంలో ఉత్తర్వును ఇంకోసారి మెల్లిగా చదువుకుంది. కాపలాదారు గేటు దాటరాదు, తన ఎర్రమనిషి పచ్చ అయ్యేవరకు. ఆవిడ తిన్నగా ఎస్తేరు రాణి దగ్గరికి వెళ్ళి, "నాకు గౌరునాయుణ్ణి కాపలా వెయ్యండి" అంది.

"అతనికి ఇవాళ డిశ్చార్జి కదండీ?"

"నేను నవ్వేదాకా కుదరదు కదా."

ఎస్తేరు రాణి ఆవిడ ముఖం వంక చూసింది. సంగతి అర్థమైంది. ఎర్రదీపం కింద ఉన్న మనిషి అయినా, ఆ పూట మొదటిసారి నవ్వబోయి ఆపుకుని, గౌరునాయుడి పేరు రాసింది.

*

నవ్వకుండా ఉండటం సుభాషిణికి ఎప్పుడూ కష్టం కాలేదు. ఇప్పుడే కష్టమొచ్చి పడింది. ఎటు చూసినా నవ్వొచ్చేదే. గుమాస్తా సంతకం పెట్టబోతే అతని కాపలాదారు కలం లాక్కుని, "ఏటి రాస్తన్నావు, ముందు నాకు సదివి వినిపించు" అంటున్నాడు. ఫార్మసిస్టును ఇద్దరు ముసలివాళ్ళు చెరోపక్కా పట్టుకుని నడిపిస్తున్నారు. సూపరింటెండెంటుగారి గదిలోంచి ఘంటానాదంలా పాట వినిపిస్తోంది. నవ్వు గొంతుదాకా వస్తే ఆవిడ కోదండపాణిగారి ప్రసంగం గుర్తు తెచ్చుకుని దిగమింగేది. ఒక్కసారి నవ్విందా, పచ్చదీపం వెలుగుతుంది. గేటు తెరుస్తారు. గౌరునాయుడు దండం పెట్టి "వస్తానండి" అని వెళ్ళిపోతాడు.

మిగతా ఉద్యోగులు ఒక్కొక్కరే పచ్చబడ్డారు. ఇంటికి వెళ్ళాలంటే మనిషి ఏమైనా నేర్చుకుంటాడు. ఆవిడ ఒక్కతే మిగిలింది. నృసింహమూర్తిగారికి కాళ్ళూ చేతులూ ఆడలేదు. హాస్య ఉపసంఘం వేశారు. ఆయన స్వయంగా వచ్చి ఒక జోకు చెప్పారు. మధ్యలో మర్చిపోయి, చక్రధరరావును అడిగి, మళ్ళీ మొదటినుంచి చెప్పారు. ఆవిడ నాలుక కొరుక్కుని కూర్చుంది. మర్నాడు మెమో వచ్చింది: "తమరు ఉద్దేశపూర్వకముగా గంభీరముగా ఉంటున్నట్లు మా దృష్టికి వచ్చినది. తమపై క్రమశిక్షణ చర్య ఏల తీసుకొనరాదో సంజాయిషీ ఇవ్వవలెను."

చివరికి కోదండపాణిగారే బయలుదేరి వచ్చారు. రాష్ట్రమంతా పచ్చగా ఉంటే ఈ ఒక్క ముఖం వల్ల శాఖ ప్రతిష్ఠ మంటగలుస్తోందట. దారిలోనే ఆయనకు ఫోనొచ్చింది. ఆయన్ను పురావస్తు శాఖకు బదిలీ చేశారు. కారు దిగి, గేటులో అడుగుపెట్టి, యంత్రం ముందు నిలబడ్డారు. అది కుయ్యోమంది.

"తియ్యవయ్యా గేటు, నేను వెళ్ళాలి" అన్నారు ఆయన వెనక్కి తిరిగి.

గేటు వాచ్‌మన్ చేతులు కట్టుకున్నాడు. "ఎర్రోళ్ళని వదలకూడదండి బాబూ. తవరు రాసిందేనండి."

కోదండపాణిగారు నోరెళ్ళబెట్టారు. చక్రధరరావు శాలువా సర్దుకుంటూ వచ్చి ఆప్యాయంగా ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. "రండి సార్, కంగారుపడకండి. సూపరింటెండెంటుగారు ఎప్పుడో పచ్చబడ్డారు, నా చెయ్యి ఖాళీగానే ఉంది. మీకు పాటలు వచ్చా?"

*

ఈ గొడవ సాగుతున్నంతసేపూ సుభాషిణీ గౌరునాయుడూ వార్డు వరండాలో ఎండపొడ పడే చోట కూర్చుని ఉన్నారు. రోజూ కూర్చుంటున్నారు. అతను చేతిలో దుప్పట్లు పెట్టుకుని మడతపెడుతూ ఆవిడను నవ్వించాలని చూస్తున్నాడు. కాపలావాడి బాధ్యత అదేనని ఎవరో చెప్పారట.

"ఇది సూడండి మేడమ్, ఎంకటగిరి నేత. అంచు సూసినారా?" అని ఆసుపత్రి ముద్ర ఉన్న బూడిదరంగు దుప్పటిని మణికట్టు మీద పరిచి జాడించాడు. "మీ వంటి ఛాయకి ఇదే నప్పుతాది. పోనీ ఇది? ఇది పట్టు. కట్టుకుంటే కట్టుకున్నట్టే ఉండదు."

ఆవిడకు నిజంగానే నవ్వొచ్చింది. పెదవి కొరుక్కుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నవ్వు ఆపుకున్నందుకో, మరెందుకో.

"గౌరునాయుడూ, నేను నవ్వితే ఏమవుతుందో తెలుసా?"

"పచ్చదీపం ఎలుగుతాదండి. మీరింటికెల్లిపోతారు."

"నువ్వూ వెళ్ళిపోతావు. వెళ్ళి ఏం చెయ్యాలనుకుంటున్నావో నాకు తెలుసు. అందుకే నవ్వడం లేదు."

దుప్పటి మడుస్తున్న చేతులు ఆగిపోయాయి. అతని ముఖం మీద నవ్వు మాత్రం ఇంకా అలాగే ఉంది, ఎక్కడికి వెళ్ళాలో తెలియనట్టు.

"ఇన్నాల్లూ నా కోసం మూతి బిగించుకోని కూసున్నారా మేడమ్?"

"అవును."

"మెమో కూడా ఇచ్చినారంట కదా?"

"ఇచ్చారు. మళ్ళీ అడుగుతున్నా. నీకు చచ్చిపోవాలనిపిస్తోందా?"

అతను సగం మడిచిన దుప్పటిని ఒళ్ళో పెట్టుకున్నాడు. వరండా చివర ఎవరో దగ్గారు. దూరంగా కోదండపాణిగారు భక్తిపాట ఎత్తుకున్నారు.

"మా ఆడది పోనాక, దినం ఎల్లిన మర్నాడే దుకానానికెల్లినాను మేడమ్. పెల్లిల సీజను. ఇంటికాడ ఉంటే మాత్రం ఏటి సేస్తాను? ఒకావిడ సీర సూస్తా, 'ఏటయ్యా ఆ ముకం? నవ్వుతా సూపించలేవా?' అనీసింది. నవ్వీసినాను. ఆ యాల నవ్విన నవ్వండి ఇది. మరి దిగనేదు. రాత్రి ఒక్కడినే ఉన్నా దిగదు. అద్దంలో సూసుకుంటే నాకే బయమేస్తాది." తలవంచుకుని దుప్పటి వంక చూశాడు. "ఔను మేడమ్. సచ్చిపోవాలనే ఉంది. అందరికీ అన్నీ ఇచ్చీసినాను. ఎవులూ అడగనేదు."

నవ్వు అప్పుడు దిగింది. ఒక్కసారిగా కాదు. ముందు కళ్ళ దగ్గర, తర్వాత బుగ్గల దగ్గర, ఆఖరున పెదాల దగ్గర. కింద నుంచి బయటపడ్డ ముఖం పదేళ్ళు పెద్దది. ఆ ముఖాన్ని సుభాషిణి మొదటిసారి చూసింది. గౌరునాయుడు దుప్పట్లో మొహం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. ఆవిడ వీపు తట్టలేదు. ఊరుకోమనలేదు. కదలకుండా కూర్చుంది.

"చెప్పావు. మంచి పని చేశావు" అంది కొంతసేపటికి. "ఇంకా చెప్పు. ఆవిడ పేరేమిటి?"

"రమణమ్మండి."

సాయంత్రందాకా రమణమ్మ గురించే చెప్పాడు. సుభాషిణి విన్నది. మందు మార్చింది. బొబ్బిలిలో ఉన్న అతని అక్కకు ఫోను చేసి రమ్మంది. అతని మంచం పక్కన ఎప్పుడూ ఒకరు మెలకువగా ఉండేలా ఎస్తేరు రాణితో మాట్లాడింది. ఎస్తేరు రాణి ఆ రాత్రి తనే కూర్చుంది. స్కేలు తీసుకురాలేదు.

*

మర్నాడు ఉదయం మంచు దట్టంగా ఉంది. యంత్రం ముందు వరస కట్టారు. కోదండపాణిగారు రాత్రంతా చక్రధరరావు పక్క మంచం మీద పడుకుని, పొద్దున్నే ఒక బీమా పాలసీకి ఒప్పుకుని, ఇప్పుడు ఎలాగైనా నవ్వాలని పెదాలు నలుపుకుంటూ నిలబడ్డారు. ఆయన ముందు గౌరునాయుడి వంతు వచ్చింది.

"చూడండి సార్, మన ఆదర్శ రోగి" అని పరిచయం చేశారు సూపరింటెండెంటుగారు. "ఒక్కరోజు కూడా పచ్చ తప్పలేదు."

గౌరునాయుడు నిలబడ్డాడు. ఉబ్బిన కళ్ళతో యంత్రం వంక చూశాడు. నవ్వలేదు. యంత్రం ఆవరణంతా దద్దరిల్లేలా అరిచింది. ఎర్రదీపం వెలిగింది.

నృసింహమూర్తిగారి ముఖం పాలిపోయింది. కోదండపాణిగారు ఒక్క క్షణం తన బదిలీ సంగతి కూడా మర్చిపోయి, "ఏమిటిది? నిలకడైన పచ్చవాడు ఎర్రబడటమేమిటి? దీనికి బాధ్యులెవరు? ఇది వ్యవస్థ వైఫల్యం!" అని కేకలు పెట్టారు.

"బాధ్యురాలిని నేనేనండి" అంది సుభాషిణి. "కూర్చుని అడిగాను. చెప్పాడు. మీ యంత్రం ఇతని విషయంలో మొట్టమొదటిసారి ఇవాళే నిజం చెప్పింది."

ఆ మాట అంటూ గౌరునాయుడి వంక చూసింది. బతికి, ముక్కు చీదుకుంటూ, ఏ గిరాకీకీ చూపించలేని ముఖంతో మంచులో నిలబడ్డ మనిషి. ఇన్నాళ్ళుగా దిగమింగిన నవ్వంతా ఒక్కసారిగా ఆవిడ ముఖం మీదికి వచ్చేసింది. ఆ ముఖం మీద అంత పెద్ద నవ్వు ఎవరూ ఎప్పుడూ చూడలేదు. పెళ్ళిలో ఫొటోగ్రాఫరు చూసి ఉంటే కెమెరా కింద పడేసేవాడు. పక్కనే నిలబడటంతో యంత్రం ఆవిడ ముఖాన్ని కూడా పట్టుకుంది. పచ్చదీపం వెలిగింది.

"అభినందనలమ్మా!" సూపరింటెండెంటుగారికి ప్రాణం లేచొచ్చింది. "ఇక మెమో రద్దు. గేటు తియ్యవోయ్. వెళ్ళి విశ్రాంతి తీసుకోండి."

"కుదరదండి. ఎర్రమనిషిని క్షణమైనా వదలకూడదు కదా. ఇతనికి కాపలా నేను."

ఉత్తర్వు చాలా స్పష్టంగా ఉంది.

యంత్రం ఇంకా అరుస్తూనే ఉంది. దాన్ని ఆపడం ఎలాగో తెలిసిన కంపెనీ మనిషి రాజధానిలో ఉన్నాడు. సుభాషిణి గౌరునాయుడి చెయ్యి పట్టుకుని వార్డు వైపు నడిపించింది. నాలుగడుగులు వేశాక అతను ఆగాడు. ఒళ్ళు సన్నగా వణుకుతోంది. వెనక్కి తిరిగి, వరసలో ఉన్న చక్రధరరావు దగ్గరికి వెళ్ళి, మొహమాటపడుతూ చెయ్యి చాపాడు.

"ఏటీ అనుకోకు బావూ. నా శాలువా నాకిచ్చీ. సలేస్తంది."

చక్రధరరావు శాలువా తీసి, దులిపి, అతని భుజాల చుట్టూ కప్పాడు.